ఖుస్రౌ నామము: వ్యుత్పత్తియు వ్యాప్తియు

కాకతీయ ప్రతాపరుద్రుని కాలపు చరిత్రను పరిశీలించు విద్యార్థికి ఖుస్రౌ అను పేరు రెండు తావుల ఎదురగును. 1309-10లో మాలిక్ కాఫూరు ఓరుగల్లును ముట్టడించిన వృత్తాంతమును వర్ణించు సమకాలిక పారసీక గ్రంథము 'ఖజాయిన్-ఉల్-ఫుతూహ్'. దానిని రచించినవాడు అమీర్ ఖుస్రౌ. 1318లో ఢిల్లీనుండి మరల ఓరుగల్లుపైకి నడచిన సేనకు నాయకుడు ఖుస్రౌ ఖాన్. ఒకడు కవి, మరియొకడు సేనాని. ఇరువురికి పేరు తప్ప వేరు పోలిక లేదు. అయినను పేరొక్కటే యగుటచే వీరిని కలిపివేయుట మిక్కిలి సులభము. పరిశోధక విద్యార్థిగా నున్నప్పుడు నేనే నా టిప్పణములలో కవిని సేనానిని జేసి ఓరుగల్లునకు నడిపించితిని. ఆ పుటను చూచిన మా ఆచార్యులు మందలింపలేదు, అంచున "ఏ ఖుస్రౌ?" అని మాత్రము వ్రాసి తిరిగి యిచ్చిరి. ఆ రెండు మాటల ప్రశ్న నన్ను చాల దూరము త్రిప్పినది. ఒక్క నామము ఎందరిని మోసినదో, ఏ దేశమున ఏ యర్థమును సంపాదించుకొన్నదో తెలియనిచో, ఆ నామము కనబడిన తావులలో మనము చేయు నిర్ణయములు ఎట్లు తప్పిపోవునో చూపుటకే ఈ వ్యాసము.

మొదట వర్ణక్రమమును గూర్చి ఒక మాట. తెలుగు గ్రంథములలో ఈ పేరు ఖుస్రూ, ఖుస్రో, ఖుస్రు అని పలు విధముల కనబడుచున్నది. పారసీక లిపిలో హ్రస్వాచ్చులు సాధారణముగా వ్రాయబడవు. ఖ-స-ర-వ అను నాలుగు అక్షరములను చూచి చదువరి తన దేశపు ఉచ్చారణను బట్టి అచ్చులను చేర్చుకొనును. నేటి టెహరాను నివాసి ఖొస్రో అనును. మన దేశపు పారసీక సంప్రదాయమున ఖుస్రౌ అని వాడుక. కడపటి వకారము జాడను నిలుపుకొన్న రూపమగుటచే నేను రెండవదానిని గ్రహించితిని. ఆ వకారమునకు గల ప్రాధాన్యము వ్యుత్పత్తిని చూచినచో తెలియును.

అవెస్తా భాషలో ఈ పేరు 'హఒస్రవహ్'. సంస్కృతమునందలి సకారము ఈరాను భాషలలో హకారమగుట మనకు సుపరిచితమే: సింధు-హిందు, సప్త-హప్త, సోమ-హఒమ. కావున పూర్వపదము మన 'సు' అను ఉపసర్గయే. ఉత్తరపదము 'శ్రవస్'. శ్రు ధాతువునుండి పుట్టిన ఈ శబ్దమునకు వినబడునది, అనగా కీర్తి, అని అర్థము. రావణుని తండ్రియగు విశ్రవసుని పేరిటను, భారతమునందలి భూరిశ్రవసుని పేరిటను ఉన్న శ్రవస్సే ఇది. పదమునకు పదము నిలిపినచో ఖుస్రౌ అనగా సుశ్రవసుడు, మంచి కీర్తి గలవాడు. ఋగ్వేదము ప్రథమ మండలము 53వ సూక్తమున ఇరువదిమంది రాజులు ఎదిరింపగా ఇంద్రుని సాహాయ్యమును పొందిన సుశ్రవసుడను రాజు కనబడుచున్నాడు. గ్రీకు భాషలోను శ్రవస్సునకు జ్ఞాతియగు 'క్లెఒస్' శబ్దము కీర్తి యను అర్థముననే కలదు. యూక్లేస్ అను గ్రీకు పేరు ఈ అర్థము గలదే. వేదమునందలి సుశ్రవసుడును అవెస్తాలోని హఒస్రవహుడును ఒక్కడే యని దీనినిబట్టి చెప్పరాదు. ఒకే మాటల మూట నుండి ఇరు జనములు ఒకే విధమైన పేరు పెట్టుకొనిరని మాత్రమే చెప్పవచ్చును. ఈ భేదమును మరువరాదు. ఈ వ్యాసమునం దిది మరల మరల వచ్చును.

అవెస్తా రూపము మధ్య పారసీకమగు పహ్లవిలో 'హుస్రవ్' ఆయెను. ఆదియందలి హకారము నవీన పారసీకమున ఖకారమైనది. పార్థియను రాజగు ఒస్రోయేస్ పేరు గ్రీకులు వ్రాసికొన్న దీని ప్రాచీన రూపములలో నొకటి. రోము చక్రవర్తి ట్రాజను 116లో టైసిఫన్ నగరమును పట్టుకొనినది ఆతని కాలముననే. తరువాతి గ్రీకులకు ఇది ఖోస్రోయేస్, ఆర్మీనియులకు ఖొస్రోవ్, సిరియాక్ భాషీయులకు కెస్రో, అరబ్బులకు కిస్రా. ఈ కడపటి రూపమును జ్ఞాపకముంచుకొనవలెను. దానికి ప్రత్యేకమైన కథ కలదు.

ఈ నామమును ధరించిన మొదటి ప్రసిద్ధ పురుషుడు పురాణ వీరుడు. అవెస్తాలోని యష్టులలో ఆతనికి 'కవి' అను బిరుదు కలదు. ఇది మన కవి శబ్దమే. ఈ దేశమున ఆ మాట ద్రష్టకును కావ్యకర్తకును చెందగా, ఈరానున రాజునకు చెందినది. 'కవి' అను ఆ బిరుదే పారసీకమున 'కై' యై, కవి హఒస్రవహుడు కైఖుస్రౌ ఆయెను. ఫిర్దౌసి 1010 ప్రాంతమున ముగించిన షాహ్‌నామాలో ఆతని కథ విపులముగా నున్నది. తండ్రి సియావష్ ఈరాను రాజపుత్రుడు. తల్లి శత్రుదేశమగు తూరానును ఏలు అఫ్రాసియాబు కుమార్తె. నిరపరాధియగు సియావష్ మామ యాజ్ఞచే చంపబడును. గొల్లల నడుమ పెరిగిన బాలుడు ఈరానునకు చేరి, రాజై, దీర్ఘయుద్ధము సలిపి, తాతయగు అఫ్రాసియాబును వధించి తండ్రి పగ దీర్చుకొనును. ఆ పిమ్మట జరిగినదియే విశేషము. శత్రుశేషము లేని రాజ్యమున తనకు గర్వము పుట్టునేమో యని భయపడి ఆతడు సింహాసనమును లుహ్రాస్పునకు అప్పగించి కొండలలోనికి పోవును. వెంట వచ్చిన వీరులు మరలి పొమ్మన్నను పోక, మంచు తుఫానులో చిక్కి మరణింతురు. రాజు మాత్రము ఒకనాటి వేకువను అదృశ్యుడగును.

మహాప్రస్థానిక పర్వమును ఎరిగిన తెలుగు పాఠకునకు ఇచ్చట ధర్మరాజు తలపునకు రాకపోడు. ఫ్రెంచి పండితుడు జేమ్స్ దార్మెస్తెతెర్ 1887లోనే ఈ పోలికను చర్చించెను. ఒకరి నుండి ఒకరు గ్రహించిరా, ఇరువురికి పూర్వమున ఉమ్మడి కథ ఒకటి ఉండెనా యను వాదములోనికి నేను పోను. గమనింపవలసినది వేరొకటి. జయించిన రాజుకంటె వదలి వెళ్ళిన రాజే ఈ నామమునకు మొదటి గౌరవమును తెచ్చెను. 1191లో మరణదండన పొందిన తత్త్వవేత్త సుహ్రవర్దీ తన తేజోవాదమునకు మూలపురుషులుగా నెంచిన ప్రాచీన ఈరాను జ్ఞానులలో కైఖుస్రౌను చేర్చుటకు కారణము ఈ పరిత్యాగమే.

చరిత్రలో స్పష్టముగా నిలిచినవారు సాసానీయ వంశపు ఇరువురు ఖుస్రౌలు. మొదటివాడు 531 మొదలు 579 వరకు ఏలిన ఖుస్రౌ అనూషిర్వాన్. ఆ బిరుదునకు అమృతాత్మ యని అర్థము. పంటలో పాలు తీసికొను పద్ధతిని మాన్పి, భూమిని కొలిపించి, నిర్ణీతమైన పన్నును విధించుట ఆతని పాలనలోని ముఖ్య సంస్కారము. పారసీక సాహిత్యమునకు ఆతడు న్యాయమూర్తి. సాదీ గులిస్తానులో ఒక కథ కలదు: వేటలో ఉప్పు కావలసి సేవకుని పల్లెకు పంపుచు, వెల యిచ్చియే తెమ్మనెనట, రాజు చిటికెడు ఉప్పు ఊరక తీసికొన్నచో ఆచారమై పల్లె పాడగునని. అయితే అదే రాజు మజ్దక్ అనుచరులను నిర్మూలించినవాడు. 540లో అంతియొకయ నగరమును కొల్లగొట్టి, పట్టుబడిన ప్రజలను టైసిఫన్ చెంత తాను కట్టించిన క్రొత్త నగరమున కాపురముంచినవాడు. సమకాలికుడగు గ్రీకు చరిత్రకారుడు ప్రొకోపియసు ఆతనిని మాట నిలుపుకొనని వానిగ చిత్రించినాడు. ఏథెన్సునందలి తత్త్వపాఠశాల మూతపడగా అచ్చటి పండితులు ఈరానునకు వచ్చినప్పుడు వారిని ఆదరించినదియు, వారు తిరిగి స్వదేశమునకు పోదలచినపుడు వారికి హాని చేయరాదని రోముతో 532లో చేసికొన్న సంధిలో చేర్పించినదియు ఈతడే. న్యాయమూర్తియా, మాట తప్పినవాడా యని యడిగినచో, ఎవరి గ్రంథమును చదువుచున్నారని మనము తిరిగి యడుగవలెను.

మనకు ఆతనితో గల సంబంధము పంచతంత్రము. ఆతని యాస్థాన వైద్యుడు బుర్జోయ్ హిందూదేశమునకు వచ్చి ఆ కథలను పహ్లవి భాషలోనికి మార్చుకొని పోయెను. చచ్చినవారిని బ్రతికించు మూలికను వెదకుచు వచ్చినవానికి, మూలిక యనగా గ్రంథమేయని ఇచ్చటివారు చెప్పిరని షాహ్‌నామా కథ. పహ్లవి ప్రతి నశించినది. కాని దానినుండి సిరియాక్ అనువాదమును, 8వ శతాబ్దిలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా చేసిన అరబ్బీ 'కలీల వ దిమ్న'యు పుట్టినవి. కరటక దమనకులు ఆ వేషముతో ఐరోపా అంతట సంచరించిరి. దూబగుంట నారాయణకవి పద్యములలోను, చిన్నయసూరి నీతిచంద్రికలోను మనము చదువుకొన్న కథలు పడమటికి సాగిన త్రోవలో మొదటి మజిలీ ఈ ఖుస్రౌ కొలువు. చదరంగమును ఒక హిందూరాజు ఈతనికే పంపెననియు, మంత్రి బుజుర్గ్‌మిహ్ర్ ఆట మర్మమును విప్పెననియు ఒక పహ్లవి గ్రంథము చెప్పుచున్నది. ఈ రెండు విషయములు ఏడువందల యేండ్ల తరువాత మరియొక ఖుస్రౌ నోట మరల వినబడును.

రెండవవాడు అనూషిర్వాను మనుమడగు ఖుస్రౌ పర్వేజ్, 590 మొదలు 628 వరకు ఏలినవాడు. సేనాని బహ్రామ్ చోబీన్ తిరుగబడగా ఈతడు పారిపోయి రోము చక్రవర్తి మారిసు శరణుజొచ్చి, ఆతని సేనతో రాజ్యమును పొందెను. 602లో మారిసు హత్యకు గురికాగా, పగ దీర్చు నెపమున రోము రాజ్యముపై యుద్ధము నారంభించెను. 614లో జెరూసలేమును పట్టుకొని, క్రైస్తవులు క్రీస్తు సిలువగా పూజించు కొయ్యను తరలించుకొని పోయెను. చివరకు 627లో నినెవే చెంత హెరాక్లియసు చేతిలో సేన ఓడిపోగా, మరుసటి యేట కన్నకొడుకే ఆతనిని తొలగించి చంపించెను.

ఈ యొక్క మనుష్యుడు మూడు సాహిత్యములలో మూడు వేరు వ్యక్తులుగా నిలిచినాడు. ఐరోపా మధ్యయుగ గాథలలో ఆతడు తన్ను తాను దైవముగా పూజింప జేసికొన్న పాపి. 15వ శతాబ్దిలో పియరో డెల్లా ఫ్రాంచెస్కా ఆరెట్సో నగరమున సాన్ ఫ్రాంచెస్కో దేవాలయపు గోడపై చిత్రించిన సిలువ గాథలో ఆతని పరాజయము ఒక ముఖ్య ఘట్టము. ఇస్లామీయ సంప్రదాయమున, ప్రవక్త పంపిన లేఖను చించివేసిన గర్విష్ఠి. పారసీక కావ్యములలోనో, ప్రేమికుడు. 12వ శతాబ్ది చివర నిజామీ రచించిన 'ఖుస్రౌ-షీరీన్' ఆతని శృంగారమునకు చిరస్థాయిని కల్పించెను. మన దేశమున చలనచిత్రముల ద్వారా ప్రచారమైన షీరీన్-ఫర్హాదుల కథ ఆ కావ్యమునందలి ఉపాఖ్యానమే. అందు మనము కన్నీరు విడుచునది కొండ త్రవ్విన ఫర్హాదు కొరకు. ఖుస్రౌ మోసము చేసిన ప్రభువుగా మిగిలినాడు. కావ్యనాయకుడు ప్రతినాయకుడుగ మారిపోయిన వింత ఇది.

ఇక కిస్రా. ఇరువురు ఖుస్రౌల పరిపాలనము కొద్ది సంవత్సరముల యెడముతో దాదాపు ఒక శతాబ్దము నిండినది. అందుచే అరబ్బులకు ఈరాను రాజనగా కిస్రాయే. క్రమముగా అది ఒకని పేరు కాక, సాసానీయ రాజులందరికి చెల్లు సామాన్యనామమైనది; దానికి 'అకాసిర' యని బహువచనము కూడ ఏర్పడినది. రోము చక్రవర్తి కైసరు, ఈరాను చక్రవర్తి కిస్రా. సీజరు అను ఇంటిపేరు రాజబిరుదమైనట్లే యిదియు. మనలో విక్రమాదిత్య శబ్దము బిరుదమై, మరల చాళుక్య రాజులకు సొంత పేరై తిరిగినది కదా. బాగ్దాదునకు దక్షిణమున నిలిచియున్న టైసిఫన్ రాజసౌధపు మహాతోరణమునకు 'తాక్-ఎ-కిస్రా' యని పేరు. సుమారు 25 మీటర్ల వెడల్పున ఇటుకతో కట్టిన ఈ కమానునకు ప్రక్కనున్న గోడలో ఒక భాగము 1888లో టైగ్రిసు వరదకు కూలిపోయినది. 9వ శతాబ్దిలో అరబ్బీ కవి బుహ్తురీ, 12వ శతాబ్దిలో పారసీక కవి ఖాకానీ ఈ శిథిలమును చూచి రాజ్యముల అనిత్యతను గూర్చి ప్రసిద్ధ కావ్యములు చెప్పిరి. కైఖుస్రౌ తానై విడిచిన సింహాసనము, కిస్రా చేతినుండి జారిన సింహాసనము: ఈ రెండు స్మృతులును నామమునకు అంటియున్నవి.

పేరు బిరుదమైన తరువాత గుర్తింపు క్లిష్టమగును. దక్కను చరిత్రలో దీనికి గొప్ప నిదర్శనము కలదు. అజంతా మొదటి గుహలో విదేశీయులు కొందరు రాజునకు కానుకలు సమర్పించు చిత్రము కలదు. తబరీ తన అరబ్బీ చరిత్రలో, హిందూరాజు ఒకడు ఖుస్రౌ పర్వేజునకు లేఖ పంపెనని వ్రాసినాడు. అరబ్బీ లిపిలో చుక్కలు మారినచో అక్షరమే మారును. అందలి రాజనామమును కొందరు పండితులు పులకేశి యని చదివిరి. 1879లో ఫెర్గుసను అజంతా చిత్రమును ఈ లేఖతో జతపరచి, అది ఖుస్రౌ రాయబారులు రెండవ పులకేశి కొలువునకు వచ్చిన దృశ్యమని నిర్ణయించెను. కప్పు మీద పానపాత్ర పట్టిన విదేశీయుని చిత్రమునకు ఖుస్రౌ-షీరీనులను పేరు వచ్చెను. తరువాత ఎన్నో పాఠ్యగ్రంథములలో ఇది నిర్వివాద విషయముగా అచ్చుపడినది. నేనును తరగతిలో అట్లే విని అట్లే చెప్పితిని. కాని వాల్టరు స్పింకు మొదలగువారి పరిశీలనల వలన ఆ గుహ వాకాటక హరిషేణుని కాలమునకు, అనగా 5వ శతాబ్దికి, చెందినదని నేడు పలువురు అంగీకరించుచున్నారు. పులకేశి 610 ప్రాంతమున రాజయ్యెను. పుట్టని రాజుల రాయబారమును చిత్రకారుడు చూచి యుండడు. ఆ దృశ్యము బౌద్ధకథకు చెందినదను వ్యాఖ్యానము కలదు. విదేశీయుల వేషభాషలు చిత్రములో నిజముగ నున్నవి. పడమటి వర్తకులు దక్కనునకు వచ్చుచుండిరనుటకు ఆ చిత్రము సాక్ష్యమే. మనము తొందరపడి చేర్చినది పేరు మాత్రమే.

ఇట్టి తొందర మనకే పరిమితము కాదు. నైజీరియా, బెనిన్ దేశముల నడుమనున్న బోర్గూ ప్రాంతమున రాజవంశములు తూర్పునుండి వచ్చిన కిస్రా యను వీరుని తమ మూలపురుషునిగా చెప్పుకొనును. పేరును విన్న కొందరు ఐరోపీయులు ఆతడు ఖుస్రౌ పర్వేజే యని, ఈజిప్టును పట్టుకొన్న ఆతని సేనల శేషము ఆఫ్రికా లోపలికి పోయి యుండునని ఊహించిరి. నామసాదృశ్యము తప్ప దానికి చెప్పుకోదగిన ఆధారము లేదు.

ఇస్లాము వచ్చిన తరువాత ఈ నామము మాసిపోవలసినది. అట్లు జరుగలేదు. 10వ శతాబ్దిలో బాగ్దాదును శాసించిన బూయీ ప్రభువు అదుద్-ఉద్-దౌలా స్వనామము ఫన్నా ఖుస్రౌ. లాహోరున ఘజనవీ వంశమునకు కడపటి ప్రభువు ఖుస్రౌ మాలిక్, 1186లో మహమ్మదు ఘోరీకి లోబడెను. ఆసియా మైనరునందలి సెల్జూకు సుల్తానులలో మువ్వురు కైఖుస్రౌలు. 11వ శతాబ్ది తత్త్వకవియు యాత్రికుడునగు నాసిర్ ఖుస్రౌ సమాధి బదక్షానులో నున్నది. ఆర్మీనియాలో 4వ శతాబ్ది రాజగు ఖొస్రోవ్ నాటించెనని చెప్పు అడవి నేటికిని ఆ పేరనే సంరక్షిత వనము. ఉస్మానీ సామ్రాజ్యపు పడమటి కొనను, సారయేవో నగరమున 1530 ప్రాంతమున కట్టిన మసీదు గాజీ హుస్రెవ్ బేగుది. పహ్లవి నాటి హకారము అచ్చట మరల వినవచ్చుట యాదృచ్ఛికమే యైనను భాషాశాస్త్రజ్ఞునకు ముచ్చట గొల్పును.

ఇప్పుడు ఓరుగల్లునకు తిరిగి రావచ్చును. అమీర్ ఖుస్రౌ 1253లో పుట్టి 1325లో గతించెను. ఆతడు నిజామీకి పోటీగా రచించిన ఐదు కావ్యములలో ఒకటి 'షీరీన్-ఖుస్రౌ'. అనగా కవి ఖుస్రౌ రాజు ఖుస్రౌ కథను చెప్పినాడు. 1318లో, కుత్బుద్దీన్ ముబారక్ షా కొలువున, 'నుహ్ సిపిహ్ర్' అను కావ్యమును ముగించెను, నవాకాశములని అర్థము. ఆ కావ్యమునందే ఖుస్రౌ ఖాన్ ఓరుగల్లు దండయాత్ర వర్ణింపబడినది. కర్తయు నాయకుడును ఒకే పేరివారు; నా టిప్పణములలో తప్పు పుట్టినది ఇచ్చటనే. ఆ గ్రంథపు మూడవ ఆకాశము హిందూదేశ ప్రశంస. ఈ దేశము ఇతర దేశములకంటె మిన్నయనుటకు కవి చూపిన హేతువులలో సంఖ్యాలేఖనము, కలీల-దిమ్న కథలు, చదరంగము ఉన్నవి. అనూషిర్వాను కొలువున చేరిన కానుకలను ఈ రెండవ పేరింటివాడు మూలస్వామియగు దేశము పద్దులో తిరిగి వ్రాసినాడు. ఈ దేశ భాషలను పేర్కొనుచు ఆతడు చెప్పిన పట్టికలో 'తిలంగీ' కలదు. మన భాష నామము ఢిల్లీ పారసీక కావ్యమున చోటు చేసికొన్న సందర్భములలో ఇది మిక్కిలి విలువైనది. ఏ గ్రంథము ఓరుగల్లుపై దండయాత్రను శ్లాఘించినదో ఆ గ్రంథమే తెలుగును భాషలలో ఒకటిగా లెక్కించినది; ఈ రెంటిలో దేనిని దాచినను చరిత్ర కాదు.

ఖుస్రౌ ఖాన్ విషయము వేరు. ఇది ఆతని పుట్టుపేరు కాదు. గుజరాతు ప్రాంతపు హిందూ కుటుంబమున జన్మించి, మాళవ విజయకాలమున బందీయై, హసన్ అను పేర బానిసగా పెరిగినవానికి సుల్తాను దయతో ఇచ్చిన బిరుదము ఖుస్రౌ ఖాన్. 1320లో ఆతడు ఆ సుల్తానునే చంపించి, నాసిరుద్దీన్ ఖుస్రౌ షా యను పేర సింహాసనమెక్కి, కొద్ది నెలలకే గాజీ మాలిక్ చేతిలో ఓడి మరణించెను. గెలిచినవాడు ఘియాసుద్దీన్ తుగ్లక్. ఆ విజయమును 'తుగ్లక్‌నామా'గా రచించినది మరల అమీర్ ఖుస్రౌయే. రెండేండ్ల క్రితము తన కావ్యమున దిగ్విజయములు వర్ణించిన సేనానిని కృతఘ్నునిగ చిత్రింపవలసి వచ్చెను. ఆస్థానకవి వృత్తిలోని కష్టమును దీనికంటె స్పష్టముగా చూపు ఘట్టము నా కెరుకలేదు. పేరు ఇచ్చినవాడు చచ్చెను, పేరు పుచ్చుకొన్నవాడు చచ్చెను, పుట్టుకతో పేరు గలవాడు ఇరువురి కథయు వ్రాసి మిగిలెను.

మొగలు వంశమున ఈ నామము మరల విషాదమునకు చేరినది. జహంగీరు జ్యేష్ఠపుత్రుడు ఖుస్రౌ 1606లో తండ్రిపై తిరుగబడి ఓడెను. ఆతనికి తోడ్పడెనను నెపమున సిక్ఖుల గురువు అర్జునదేవుడు అదే యేట ప్రాణములు కోల్పోయెను. కన్నులు పొడిపించుకొన్న రాజకుమారుడు 1622లో బుర్హాన్‌పురమున, తమ్ముడు ఖుర్రమ్ నిర్బంధములో మరణించెను. అలహాబాదునందు, అనగా నేటి ప్రయాగరాజ్ నగరమున, ఆతని సమాధి గల తోట ఖుస్రౌ బాగు.

ఆధునిక కాలమున నామము రాచరికమును వదలినది. పార్సీలు కైఖుస్రు అను రూపమును నిలుపుకొనిరి. 1965లో సరిహద్దు భద్రతా దళమునకు ప్రథమాధిపతియైన కె. ఎఫ్. రుస్తంజీ పూర్తి పేరు ఖుస్రౌ ఫరామర్జ్ రుస్తంజీ; మూడు మాటలును షాహ్‌నామా వీరుల పేర్లే. 1901 నుండి 1926 వరకు భోపాలును ఏలిన సుల్తాన్ జహాన్ బేగము స్వనామము కైఖుస్రౌ జహాన్. రాజనామము స్త్రీకి చెల్లిన అరుదైన సందర్భమిది. ఈరానునందు 1974లో మరణశిక్ష పొందిన వామపక్ష కవి ఖొస్రో గొల్సొర్ఖీ. రాజును ధిక్కరించి చచ్చినవానికి రాజుల పేరే యుండెను. ఇక కిస్రా మాట: ఈరానునుండి హుస్రవుగా వెళ్ళి, అరబ్బుల నోట కిస్రాయై, ఆ రూపముననే కస్రా యని తిరిగి ఈరానునకు వచ్చి, నేడు మగపిల్లలకు పెట్టు పేరైనది. పారసీకమునుండి అరబ్బీ మాటలను తొలగింపవలెనని పట్టుపట్టిన చరిత్రకారుడు అహ్మద్ కస్రవీ ధరించిన ఇంటిపేరు ఈ అరబ్బీ వేషపు రూపమునుండి పుట్టినదే. ఆయన 1946లో హత్యకు గురియయ్యెను.

తెలుగు దేశపు పరిశోధకునకు మిక్కిలి దగ్గరివాడగు ఖుస్రౌను గూర్చి చెప్పవలసి యున్నది. హైదరాబాదున 1925లో జన్మించిన అర్థశాస్త్రవేత్త అలీ మహమ్మద్ ఖుస్రౌ తరువాత అలీగఢ్ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడై, పదునొకండవ ఆర్థికసంఘమునకు అధ్యక్షుడై 2003లో గతించెను. మన గ్రంథాలయములలో 'ఖుస్రౌ' అను శీర్షిక క్రింద అమీర్ ఖుస్రౌ కావ్యముల ప్రక్కనే ఈయన గ్రంథమొకటి ఉండును. 1949లో హైదరాబాదు రాష్ట్రమున జాగీర్దారీ పద్ధతి రద్దయిన పిమ్మట పల్లెలలో రైతుల స్థితి ఎట్లు మారినదో పరిశీలించి వ్రాసిన ఆ గ్రంథమును ఉస్మానియా విశ్వవిద్యాలయము 1958లో ప్రచురించినది. పరిశోధక విద్యార్థులు పట్టికలో పేరును మాత్రము చూచి పుస్తకమును తెప్పించుకొనకుందురుగాక.